ఒక్క గీత పడని సమ్మె

కళామంత్రిగారు ప్రకటన చేశారు. మామూలుగా చెయ్యలేదు. మ్యూజియం మెట్ల మీద నిలబడి, మైకు మీద మూడుసార్లు తట్టి, ఎడమవైపు కెమెరాకేసి ఒకసారి, కుడివైపు కెమెరాకేసి ఒకసారి చూసి మరీ చేశారు.

"ఒక్క చిత్రకారుడి కోసం ఒక భవనం! పదకొండు గదులు! అందులో ఇంకొకరి బొమ్మ ఒక్కటంటే ఒక్కటి లేదు! ఇంత గుండె ఉన్న ప్రభుత్వం ఎక్కడైనా ఉందా? నాలుగేళ్లు నిండిన ఈ శుభవేళ ఈ మ్యూజియాన్ని ఫ్యూచర్ రెడీ చేస్తున్నామని సగర్వంగా ప్రకటిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. నిజానికి నేను వెళ్లింది నిరసన తెలపడానికి. చంకలో నల్లజెండా కూడా ఉంది. కానీ మంత్రిగారి వాక్యం ఎక్కడ ముగుస్తుందో అక్కడ మనిషి చేతులు వాటంతటవే కలుస్తాయి. అది ఆయన ప్రతిభ. చేతులు ఖాళీ చేసుకోవడానికి జెండాను పక్కాయనకిచ్చాను. ఆయన దాన్ని గొడుగనుకున్నట్టున్నాడు, పట్టుకెళ్లిపోయాడు.

ఫ్యూచర్ రెడీ అంటే ఏమిటో మర్నాడు పొద్దున నోటీసు బోర్డు చెప్పింది. "పదకొండుమంది కాంట్రాక్టు అటెండెంట్ల సేవలను కొనసాగించవలెనా లేదా అన్నది ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీన మంత్రివర్యుల తనిఖీ అనంతరం నిర్ణయించబడును."

అటెండెంట్లంటే గదికొకరు చొప్పున కూర్చుని, వచ్చినవాళ్లు బొమ్మల మీద చెయ్యి వెయ్యకుండా చూసేవాళ్లు. ఆ పదకొండుమందిలో ఆరో గది మనిషి మా అక్క.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఊళ్లో నన్ను "కరపత్రం" అంటారు. బడి నన్ను ఏడో తరగతిలో వదిలేసింది. మిగతా చదువంతా అచ్చాఫీసులో ఇతరుల కరపత్రాలు మడతపెడుతూ చదివాను. శ్రమజీవుల హక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిని. సంఘం పుట్టినప్పటినుంచీ నేనే. ఎన్నికలు పెడదామంటే పోరాటాల మధ్య తీరిక దొరకలేదు.

నా పోరాటాల చరిత్ర చిన్నదేమీ కాదు. మా వీధికి బస్సు ఆలస్యంగా వస్తోందని నెల రోజులు పోరాడాను. ఇప్పుడు ఆలస్యంగా రావడం లేదు. ఆ రూటే ఎత్తేశారు. కుట్టు కార్ఖానాలో ఫ్యాన్లు తిరగడం లేదని ఇరవై రోజులు గేటు దగ్గర కూర్చున్నాను. యజమాని మనసు మారింది. మిషన్లు లారీల్లో వేసుకుని వేరే ఊరికి మారిపోయాడు. అందువల్ల కుట్టు కార్మికులకు తీరిక పెరిగి, చాలామంది మా సంఘంలో పూర్తికాలం నిబద్ధులయ్యారు.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, సొంత అక్క ఉద్యోగం మీదికి వస్తే ఊరుకుంటానా?

అక్క ఇంటికి వెళ్లేసరికి ఆవిడ యూనిఫామ్ ఇస్త్రీ చేస్తోంది. బావ లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. మూటలు మోసి మోసి నడుం పోయింది. రెండేళ్లుగా ఆ ఇల్లు అక్క యూనిఫామ్ మీదే నడుస్తోంది.

"నోటీసు చూశాను" అన్నాను కుర్చీ లాక్కుంటూ.

"చూస్తే చూశావు. నువ్వు మాత్రం దీంట్లో వేలు పెట్టకురా" అంది అక్క.

"అదేంటక్కా!"

"నాకు కావలసింది ఒక్క కాగితం. 'కొనసాగించడమైనది' అని ఒక్క మాట ఉంటే చాలు. నువ్వొచ్చి వర్ధిల్లాలి, నశించాలి అన్నావంటే ఆ మాట ఎగిరిపోతుంది."

లోపల్నుంచి బావ అరిచాడు. "ఎవరే వచ్చింది? బావమరిదేనా? అయితే ఉద్యోగం పోయినట్టే, ఇస్త్రీ ఆపెయ్!"

"నువ్వు పడుకో" అంది అక్క గోడకేసి. నాకేసి తిరిగి, "అసలు ఆ మ్యూజియం ఎప్పుడైనా చూశావట్రా?"

చూడలేదు. కానీ దాని మీద కరపత్రం వేశాను. "మనుషులకు చొక్కాల్లేవు, గోడలకు చొక్కాలా?" అని. ఆ చిత్రకారుడు బతికినంతకాలం తీగ మీద ఆరేసిన చొక్కాలు తప్ప ఇంకేమీ వెయ్యలేదని ఎవరో చెప్తే విని రాశాను. నాలుగు వేలు పంచాను. ఒక విషయం చూశాక రాస్తే ఆవేశం తగ్గుతుందని నా నమ్మకం.

"రేపు వచ్చి చూడు. చూశాక మాట్లాడు" అంది అక్క, కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కి.

మర్నాడు టికెట్టు కొనుక్కుని వెళ్లాను. మొదటి గదిలో చొక్కాలు చొక్కాల్లాగే ఉన్నాయి. గుండీలు, మాసికలు, మోచేతి దగ్గర చిరుగు, అన్నీ. మూడో గదికి గుండీలు పోయాయి. ఐదో గదిలో చేతులు పోయి, రంగు మచ్చలు మిగిలాయి. ప్రతి గదిలోనూ అటెండెంటు నా చేతులకేసి అదేపనిగా చూస్తున్నారు. ముప్పై ఏళ్లుగా నా ముఖం చూపించి బతుకుతున్నాను. చేతులు చూసినవాళ్లు వీళ్లే.

ఆరో గదిలో బొమ్మ ఒక్కటే. గోడంతా ఉంది. చొక్కాలు లేవు. ఆ చివర్నుంచి ఈ చివరికి ఒక తీగ. అంతే. పక్కన ఫలకం మీద "ఆధునిక మానవుని శూన్యానుభూతికి పరాకాష్ఠ" అని రాసి ఉంది.

మూలన అక్క కుర్చీలో కూర్చుని ఉంది. డ్యూటీలో ఉన్నప్పుడు చుట్టాలతో మాట్లాడకూడదట. పెదవులు కదలకుండా మాట్లాడింది.

"ఎలా ఉందిరా?"

"ఏముందిక్కడ? శూన్యం" అన్నాను ఫలకం చూసి.

"నీ మొహం శూన్యం. బట్టలు ఆరిపోయాయి, తీసేశారు. తీగ చూడు. మధ్యలో ఇంకా వంగే ఉంది. తడిబట్టల బరువుకి సాగిపోయింది. బట్టలు ఎవరివో వాళ్లు తొడుక్కుని పోయారు. సాగింది మాత్రం అలాగే ఉండిపోయింది. అదీ బొమ్మ."

నేను మళ్లీ చూశాను. నిజమే, తీగ వంగి ఉంది. అమ్మ పోయాక మా వాకిట్లో తీగ మీద ఎవరెవరి చొక్కాలు ఆరేవో, వాటిని పదమూడేళ్ల అక్క ఎలా ఉతికేదో, ఆ కూలి డబ్బులతో నా పుస్తకాలెలా వచ్చేవో గుర్తొచ్చింది. తెలియకుండానే ముందుకు నడిచాను.

"గీత దాటావంటే చెవి మెలిపెడతా" అంది అక్క.

నేలమీద పచ్చగీత ఉంది. వెనక్కి వచ్చాను. జేబులో రాసిపెట్టుకున్న నినాదాలు అరవడం మర్చిపోయి అరగంట అక్కడే నిలబడ్డానని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. బయటికొచ్చాక మాత్రం వెంటనే తేరుకుని డైరెక్టర్ గదిలోకి దూసుకెళ్లాను.

డైరెక్టరుగారు చాలా మెత్తని మనిషి. ఆయన గోడలు తెల్లన, బల్ల తెల్లన, ఆయన చొక్కా తెల్లన. మాట్లాడుతుంటే మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

"అటెండెంట్లని పర్మనెంట్ చెయ్యాలి!" అన్నాను వినతిపత్రం బల్ల మీద కొట్టి.

"మెల్లగా. ఇది డిజైనర్ టేబుల్" అన్నారాయన. "అయినా వాళ్లేం చేస్తారండీ? కూర్చుంటారు."

"కూర్చుని చూస్తారు!"

"చూడ్డానికి విజిటర్లు ఉన్నారుగా?"

"రోజుకెంతమంది వస్తారు?"

"సగటున తొమ్మిదిమంది. పదకొండుమంది అటెండెంట్లు, తొమ్మిదిమంది విజిటర్లు. మంత్రిగారి ఆఫీసు అడుగుతోంది, చూసేవాళ్ల కంటే చూసేవాళ్లని చూసేవాళ్లు ఎక్కువయ్యారేంటని."

"బొమ్మలు పాడైపోతాయండీ వాళ్లు లేకపోతే!"

"నాలుగేళ్లలో ఒక్కటీ పాడవలేదే?"

"వాళ్లుండబట్టే!"

"కావచ్చు. కానీ రుజువేదీ? వాళ్లు లేనినాడు ఏమవుతుందో ఎవరైనా చూశారా? డేటా ఉందా?" అన్నారు డైరెక్టరుగారు పాపం జాలిగా. "ఇవాళ్రేపు డేటా లేకుండా మంత్రిగారు తుమ్మరు కూడా."

నా బుర్రలో దీపం వెలిగింది. నాకు వెలిగే దీపాలు మామూలుగా అగ్గిపెట్టె ఖర్చు కూడా రాబట్టవు గానీ, ఇది మాత్రం మహాదీపం.

"రుజువు చూపిస్తాం!" అన్నాను, ఈసారి బల్ల కొట్టకుండా గాలిని కొట్టి.

సాయంత్రం మ్యూజియం వెనక సామాన్ల గదిలో పదకొండుమందినీ కూర్చోబెట్టాను. అక్కడ వాళ్లకి పేర్లు లేవు, గదులే పేర్లు. రెండు అంటే చంటిపిల్ల తల్లి. తొమ్మిది అంటే పోస్టుమాన్‌గా రిటైరైన పెద్దాయన. అక్క ఆరు.

వ్యూహం చెప్పాను. ఇరవై ఎనిమిదిన మంత్రిగారొచ్చే సమయానికి పదకొండుమందీ సమ్మెలోకి దిగి, బయట మెట్ల మీద కూర్చోవాలి. మా సంఘం మూడువందలమందిని టికెట్లతో లోపలికి పంపుతుంది. అటెండెంట్లు లేని మ్యూజియం ఎలా ఉంటుందో మంత్రిగారు కళ్లారా చూస్తారు. "'మేం లేకపోతే మ్యూజియం లేదు!' ఇదీ నినాదం" అన్నాను. నేను చెప్తుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"మూడొందలమందా?" అంది రెండు. "మరి లోపల బొమ్మల్ని ఎవరు చూస్తారు?"

"ఎవడైనా పెన్ను పెట్టి గీకితేనో?" అన్నాడు తొమ్మిది. "నా గదిలో నీలం బొమ్మకి మూల పెళుసు. వీపుసంచి తగిలిందంటే పెచ్చు లేచిపోతుంది."

"అదే కదా..." అని నేను మొదలుపెట్టాను.

"ఏది కదా?" అంది అక్క. ఆ చూపు చూస్తే ఏ కార్యదర్శీ వాక్యం పూర్తిచెయ్యడు. "నాలుగేళ్లు కన్ను ఆర్పకుండా చూసుకున్నాంరా. ఉద్యోగం కోసం దాన్ని జనం చేతుల్లో పడేసి మెట్ల మీద కూర్చోమంటావా? నేను రాను."

"నేనూ రాను" అంది రెండు. తొమ్మిది అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఉద్యమం నా కళ్లముందే కూలిపోతోంది. అప్పుడు నాకు రెండో దీపం వెలిగింది. "వాలంటీర్లు!" అన్నాను. "గదికి ఇద్దరు. చేతికి ఎర్రపట్టీ. మా సంఘం ఊరేగింపుల్లో ఒక్క పూలకుండీ పగిలిన దాఖలా ఉందా? క్రమశిక్షణ అంటే మాది. మీరు బయటికి వచ్చేముందు బొమ్మ ఎలా ఉందో మీరు తిరిగి లోపలికి వెళ్లాక అలాగే ఉంటుంది. నా హామీ!"

అక్క కాసేపు ఆలోచించింది. "వాళ్లకేం తెలుసు? ఆదివారం తీసుకురా. మేం నేర్పుతాం" అంది.

అందరి ముఖాలూ తేటపడ్డాయి. నా ముఖం అన్నింటికంటే ఎక్కువ తేటపడింది. ఆ రోజు ఇంటికెళ్లేముందు బావకి వ్యూహమంతా వివరించాను. బావ చాలాసేపు నవ్వాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నడుంనొప్పి మనిషి అంతసేపు నవ్వకూడదు.

ఆదివారం శిక్షణ జరిగింది. ఇరవై ఇద్దరు వాలంటీర్లలో పద్దెనిమిదిమంది కుట్టు కార్ఖానావాళ్లు. సూదిలో దారం ఎక్కించే కళ్లు వాళ్లవి. అక్క వాళ్లని వరసగా నిలబెట్టి చెప్పింది.

"మీ కళ్లు బొమ్మ మీద ఉండకూడదు, వచ్చినవాళ్ల చేతుల మీద ఉండాలి. గొడుగు, వీపుసంచి, పెన్ను, ఈ మూడింటినీ గుమ్మంలోనే ఆపండి. పిల్లలు వస్తే అరవకండి. అరిస్తే కావాలని ముట్టుకుంటారు. చొక్కాలకి గుండీలెన్నో లెక్కపెట్టమనండి, చేతులు వెనక్కి కట్టుకుని లెక్కపెడతారు. గోడమీద ఈ గడియారం లాంటిది ఉందే, ఇది గాల్లో తేమ చూపిస్తుంది. ముల్లు యాభై దాటితే ఈ పుస్తకంలో రాసి, కిటికీ మూయండి."

ఎర్రపట్టీలవాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. వాళ్లలో దర్జీ ఒకాయన అయితే తిరిగి ప్రశ్నలడిగాడు. నేలమీద గీత దాటినవాడు పెద్దమనిషైతే ఏం చెయ్యాలని.

"గీతకి పెద్దా చిన్నా ఉండదు" అంది అక్క.

ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నాకైతే అసలే రాలేదు. నేను మంత్రిగారి ముందు చెయ్యబోయే ప్రసంగంలో మునిగి ఉన్నాను.

ఇరవై ఎనిమిది వచ్చింది. పదకొండుమందీ 'మేం లేకపోతే మ్యూజియం లేదు!' అని రాసిన అట్టలు పట్టుకుని మెట్ల పక్కన కూర్చున్నారు. రెండో గదావిడ చంకలో చంటిపిల్ల. తొమ్మిది పాత పోస్టుమాన్ టోపీ పెట్టుకొచ్చాడు. లోపల మూడువందలమంది వరసగా, గదిగదికీ నిశ్శబ్దంగా తిరుగుతున్నారు. నా మనుషులకు సైగ ఒక్కటే నేర్పాను. నా చెయ్యి పైకి లేస్తే "వర్ధిల్లాలి!" అనాలి. లేవకపోతే నోరు మెదపకూడదు.

మంత్రిగారు కారు దిగారు. వెనక పీఏ, ఆ వెనక డైరెక్టరుగారు, ఆ వెనక కెమెరాలు. మెట్ల పక్కన పదకొండుమందినీ చూసి నమస్కారం పెట్టారు. వాళ్లు ఎవరని పీఏని అడగలేదు. తెలియనివాళ్లకి కూడా నమస్కారం పెట్టగలగడం గొప్ప సంస్కారం.

లోపలికి వెళ్లారు. రెండో గదిలో ఒక చొక్కా బొమ్మ బాగా నచ్చి, దాని జేబు మీద వేలు పెట్టబోయారు.

"అయ్యా, గీత వెనక్కి!" అన్నాడు దర్జీ.

పీఏ గుడ్లురిమాడు. "ఎవరనుకుంటున్నావ్? మ్యూజియమే ఆయనది!"

"గీతకి పెద్దా చిన్నా ఉండదండీ" అన్నాడు దర్జీ, చేతులు కట్టుకుని.

మంత్రిగారు ఒక్క క్షణం కెమెరాకేసి చూశారు. ఎర్రదీపం వెలుగుతోంది. వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, "శభాష్! ఇదీ ప్రజాస్వామ్యం!" అన్నారు. కెమెరాలు దర్జీని, మంత్రిగారిని, మళ్లీ దర్జీని తీశాయి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఎవరయ్యా నీకిది నేర్పింది?"

దర్జీ నాకేసి చూపించాడు. నేర్పింది నేను కాదు. కానీ ఆ క్షణంలో వివరాల్లోకి వెళ్తే ఉద్యమం పలచబడుతుందనిపించింది. మంత్రిగారు నా భుజమ్మీద చెయ్యి వేసి, "పద, మిగతా గదులు నువ్వే చూపించు" అన్నారు. డైరెక్టరుగారు వెనకబడ్డారు. ఏడో తరగతివాడు మంత్రికి మ్యూజియం చూపిస్తున్నాడు! జేబులో ఉన్న ప్రసంగం సంగతి నాకు గుర్తుంది. సరైన సమయం కోసం చూస్తున్నాను, అంతే.

ఆరో గదిలో ఆయన ఫలకం చదివి ఆవలించారు. నేను గొంతు సవరించుకున్నాను. "శూన్యం కాదు సార్. బట్టలు ఆరిపోయాయి, తీసేశారు. తీగ చూడండి..." అని అంతా చెప్పాను. ఒక్క మాట వదల్లేదు. మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. నిజంగానే చెమ్మగిల్లాయి, కెమెరా అప్పటికి ఐదో గదిలోనే ఉంది.

"ఎక్కడ చదివావయ్యా ఇది?"

"స్వయంకృషి సార్" అన్నాను.

మూలన అక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేను అటు చూడలేదు.

పదకొండో గది దాటాక మంత్రిగారు ఆగి అడిగారు. "ఈ ఎర్రపట్టీలవాళ్లు ఎంతమంది?"

"ఇరవై ఇద్దరు సార్."

"జీతం?"

నాకు నవ్వొచ్చింది. "జీతమా సార్? మావాళ్లని జీతంతో కొనగలరా ఎవరైనా? నిబద్ధత!"

"కనీసం టీ?"

"ఇంటి దగ్గర తాగొస్తారు!"

"నిబద్ధత" అన్నారు మంత్రిగారు నెమ్మదిగా, నోట్లో చప్పరిస్తున్నట్టు. పీఏ రాసుకున్నాడు. "డైరెక్టరుగారూ, ఇవాళ మూడొందలమంది తిరిగారు కదా. ఏమైనా పాడైందా?"

డైరెక్టరుగారు టార్చిలైటు వేసుకుని పదకొండు గదులూ చూసొచ్చారు. ఆ పావుగంట నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"ఒక్క గీత కూడా పడలేదు సార్. మామూలు రోజుకంటే పద్ధతిగా ఉంది. తేమ రిజిస్టరు కూడా గంటగంటకీ రాశారు."

నేను ఊపిరి వదిలాను. ఇచ్చిన హామీ నిలబెట్టుకున్న మనిషికి ఉండే ఆనందం వేరు.

మంత్రిగారు నన్ను వెంటబెట్టుకుని మెట్ల మీదికి వచ్చారు. మైకు మీద మూడుసార్లు తట్టారు.

"మిత్రులారా! ఉద్యమకారులు నాకొక సవాలు విసిరారు. మేం లేకపోతే ఏమవుతుందో చూడమన్నారు. మీ మంత్రి సవాళ్లకు భయపడే మనిషి కాదు. చూశాను! ఒక్క గీత కూడా పడలేదు! ఇంతకంటే డేటా ఏం కావాలి? ప్రజల కళని ప్రజలే కాపాడుకోగలరు! అందుకే ఈ క్షణం నుంచి 'ప్రజా సంరక్షక దళం' ఏర్పాటు చేస్తున్నాం. పదకొండుమంది కాంట్రాక్టు సోదరసోదరీమణులను నెలాఖరుతో గౌరవంగా బాధ్యతల నుంచి విముక్తులను చేస్తున్నాం. దళానికి గౌరవ ప్రధాన సంరక్షకుడు, ఇదిగో, ఈ నిబద్ధుడు!"

అంటూ నా చెయ్యి పట్టుకుని పైకెత్తారు.

నా చెయ్యి పైకి లేచింది. మూడువందలమంది ఒక్క గొంతుతో అరిచారు. "వర్ధిల్లాలి!"

నేను దించడానికి లాగాను. మంత్రిగారి పట్టు గట్టిది. ఫోటోగ్రాఫరు ఇంకొకటి అన్నాడు. చెయ్యి మళ్లీ లేచింది. "వర్ధిల్లాలి!" క్రమశిక్షణ అంటే మాది.

మెట్ల పక్కన పదకొండుమందిలో ఎవరూ అరవలేదు. రెండో గదావిడ చంటిపిల్లను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. అక్క లేచి, చీర దులుపుకుని, చేతిలో అట్టను గోడకి ఆనించింది. బయటికొస్తున్న దర్జీని ఆపి, "తేమ ముల్లు ఎంతుంది?" అని అడిగింది.

"నలభై ఎనిమిదమ్మా."

"ఊఁ. కిటికీ రేపు తియ్యండి" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ పదవిని తిరస్కరిద్దామనే అనుకున్నాను. ఇది రాసి ఇస్తున్నాను. కానీ లోపల ఉండి పోరాడాలని సంఘం తీర్మానించింది. తీర్మానం నేనే ప్రవేశపెట్టి, నేనే బలపరిచాను. వ్యతిరేకించడానికి లేచిన ఒక్కడూ నన్ను చూసి కూర్చున్నాడు.

డైరెక్టరు గది పక్కన నాకొక గది ఇచ్చారు. తెల్లటి బల్ల. నియమావళి నన్నే రాయమన్నారు. ఏడు నియమాలు రాశాను. ఐదోది నాకు బాగా నచ్చింది. "మ్యూజియంలో ఏనాడైనా జీతము పుచ్చుకున్నవారు దళమునకు అనర్హులు." పాత అటెండెంట్లు దళంలో చేరి రేపు కోర్టుకెళ్తారేమోనని డైరెక్టరుగారి భయం. నా భయం వేరు. జీతం రుచి మరిగినవాళ్లు వస్తే నిబద్ధతలో కల్తీ జరుగుతుంది. కారణాలు వేరైనా వాక్యం ఒకటే కుదిరింది. మంత్రిగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, దాన్ని గోడకి తగిలించాను.

మొదటివారం ఇరవై ఇద్దరూ వచ్చారు. రెండోవారం పద్నాలుగుమంది. మూడోవారం ఏడుగురు. నిబద్ధులకి కూడా ఇల్లూ వాకిలీ ఉంటాయట. దర్జీకి ఎక్కడో మిషను దొరికింది, ఎర్రపట్టీ ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చి వెళ్లిపోయాడు. "సంరక్షకులు కావలెను" అని బోర్డు పెట్టించాను.

నాలుగోవారం మంగళవారం పొద్దున అక్క నా గదికి వచ్చింది. యూనిఫామ్ లేకుండా ఆవిడని ఆ భవనంలో ఎప్పుడూ చూడలేదు. చేతిలో టికెట్టు ఉంది. కొనుక్కుని లోపలికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"కూర్చో అక్కా" అన్నాను కంగారుగా లేస్తూ.

కూర్చుంది, కుర్చీ అంచున. గోడమీద మంత్రిగారి ఉత్తరం చదివింది. "ఆరో గదిలో మనిషి లేడురా" అంది.

"ఇవాళ రాలేదు. కొంచెం షార్టేజీగా ఉంది."

"ముల్లు యాభై మూడు మీద ఉంది. కిటికీ నేనే మూసొచ్చాను. బొమ్మకి కిటికీవైపు మూల రంగు ఉబ్బుతోంది."

"రాయిస్తాను. రిపోర్టు రాయిస్తాను" అన్నాను కాగితం వెతుకుతూ. "బావకెలా ఉంది?"

"అలాగే ఉన్నాడు. నాకు మధ్యాహ్నం నుంచి లాండ్రీలో పని దొరికింది. పొద్దుటిపూట ఖాళీ." కొంగుతో బల్ల మీద దుమ్ము తుడిచింది. "ఒక ఫారం ఇవ్వు."

"ఏం ఫారం?"

"బోర్డు పెట్టావుగా, మనుషులు కావాలని. జీతం వద్దులే. ఆరో గది ఇస్తే చాలు."

ఫారం ఇచ్చాను. నా పెన్ను ఇచ్చాను. అక్క మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నింపింది. అనుభవం అనే గడిలో "నాలుగేళ్లు, ఇక్కడే" అని రాసింది.

"అక్కా, ఐదో నియమం..." అన్నాను.

"చదివాను. గుమ్మంలోనే కట్టావుగా."

"మరి..."

"రాసినవాడివి నువ్వే. నువ్వే చెప్పు."

ఏం చెప్పను? సొంత అక్క అని నియమం వంచితే రేపు పత్రికలేం రాస్తాయి? మంత్రిగారేమనుకుంటారు? వంచకపోతే... పేపర్‌వెయిట్ ఈ పక్కనుంచి ఆ పక్కకి జరిపాను. గడియారం చూశాను. చివరికి నేను సిద్ధాంతం గల మనిషినని గుర్తు తెచ్చుకుని, సొరుగులోంచి ముద్ర తీసి ఫారం మీద "అందినది" అని వేశాను.

"కమిటీ ముందు పెడతాం. పరిశీలిస్తాం" అన్నాను.

"కమిటీలో ఎవరెవరున్నారు?"

"ప్రస్తుతానికి... నేనే."

అక్క నాకేసి చూసింది. లేచి, కుర్చీని బల్లకిందికి చప్పుడు కాకుండా జరిపింది. కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుంది.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?" అంది.